చీరకి ఫాల్ కుట్టించడానికి ఇచ్చిన నంబర్‌కి రాత్రిపూట మెసేజ్‌లు వస్తున్నాయి. ఏం చెయ్యాలి?

ఉద్దానం ఆడపడుచు

అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. పుట్టిల్లు కవిటి దగ్గర పల్లె, పెళ్ళై ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. మా ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ పనికి వెళ్ళారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. ఇంట్లో నేను, మా అత్తగారు, నాలుగేళ్ళ పాప. సాయంత్రాలు వీధిలో పిల్లలకి ట్యూషన్ చెప్తాను.

మా తమ్ముడి పెళ్ళికని పోయిన నెల పెద్ద బజారు వైపు ఒక చీరల కొట్టుకి వెళ్ళాం. మా అత్తగారు ఇరవై ఏళ్ళుగా అక్కడే కొంటారు. కొట్టు పేరు రాయను. రెండు మామూలు చీరలు, ఒక బరంపురం పట్టు తీసుకున్నాం. పట్టుచీర ఆకుపచ్చది, అంచుకి ఎర్ర కుంభాల వరస. దానికి ఫాల్, పికో మేమే చేయించి ఇస్తామన్నారు. కౌంటర్ దగ్గర కుర్రాడు పసుపు చీటీ మీద నా పేరు, నంబర్, వీధి రాసి చీరకి గుండుసూదితో గుచ్చాడు. "నంబర్ ఎందుకు బాబూ, చీటీ ఉంది కదా" అని అడిగాను కూడా. "రెడీ అవగానే ఫోన్ చెయ్యాలి కదా మేడమ్" అన్నాడు. తర్వాత బిల్లు దగ్గర వేరే ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ పుట్టినరోజు, పెళ్ళిరోజు అడిగాడు, ఆ రోజుల్లో డిస్కౌంట్ ఉంటుందట. నేను ఆలోచించేలోపే మా అత్తగారు రెండూ చెప్పేశారు. అబ్బాయి సూరత్‌లో ఉన్నాడు, పెళ్ళికి రాగలడో లేడో అన్న మాట కూడా ఆ మాటల్లోనే వచ్చింది.

నాలుగో రోజు ఫోన్ వస్తే వెళ్ళి చీర తెచ్చుకున్నాం. ఆ రాత్రి 10:40కి కొత్త నంబర్ నుంచి వాట్సాప్‌లో "హాయ్ మేడమ్, చీర నచ్చిందా?" అని వచ్చింది. కొట్టు తరఫున అడుగుతున్నారనుకుని "నచ్చింది, థాంక్స్" అని పెట్టాను. వెంటనే "గ్రీన్ మీకు బాగా సూట్ అవుతుంది. కట్టుకున్నాక ఫోటో పెట్టండి" అని. ప్రొఫైల్ ఫోటో తెరిచి చూస్తే గోపాల్‌పూర్ బీచ్‌లో బండి మీద కూర్చుని ఉన్నాడు, చీటీ రాసిన కుర్రాడే.

ఇక జవాబివ్వలేదు. మర్నాడు "భొలొ అఛంతి?" (బాగున్నారా?) అని ఒడియాలో. ఆ తర్వాత "పాప చాలా క్యూట్". నా డీపీలో పాప ఫోటో ఉంది. అది చదివిన వెంటనే లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకున్నాను. ఇంకో రోజు "సార్ సూరత్‌లో కదా, ఒక్కరే బోర్ కొట్టదా" అని. పదకొండు రోజుల్లో 17 మెసేజ్‌లు, మూడు మిస్డ్ కాల్స్. మొన్న నా పుట్టినరోజు. సరిగ్గా రాత్రి పన్నెండింటికి విషెస్ వచ్చాయి. నా పుట్టినరోజు ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, అది బిల్లు కంప్యూటర్‌లో ఉంది. అంటే వెతికి చూశాడన్నమాట.

మా అత్తగారికి చెప్తే "నువ్వెందుకు జవాబిచ్చావు" అంటారేమో. మా ఆయనకి చెప్తే ఉన్నపళంగా రైలెక్కుతారు, ఇక్కడికొచ్చి గొడవ పెట్టుకుంటారు. నంబర్ మార్చుకుందామంటే బ్యాంకు, ఆధార్, గ్యాస్, ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు అందరికీ ఇదే. బ్లాక్ చేస్తే కోపమొచ్చి ఇంటి దాకా వస్తాడేమోనని ఇంకో భయం, చీటీ మీద వీధి పేరు రాసింది అతనే కదా. కుర్రాడికి ఇరవై, ఇరవైరెండు ఉంటాయి, నా వల్ల పని పోతుందేమో అని కూడా ఉంది.

యజమానికి చెప్పాలా, పోలీసుల దగ్గరికి వెళ్ళాలా? నేను ఒడియా మాట్లాడతాను గానీ రాయలేను. ఎవరికైనా ఇలా జరిగి ఉంటే చెప్పండి. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు.

---

గుణుపురం టీచరమ్మ

చెల్లీ, ముందు ఆ "నచ్చింది, థాంక్స్" గురించి బాధపడడం మానెయ్యి. కొట్టువాళ్ళు అడిగారనుకుని మర్యాదగా చెప్పిన మాట అది. నీ స్థానంలో ఎవరున్నా అదే రాస్తారు.

నాకూ జరిగింది. అప్పట్లో హాస్టల్‌లో ఉండి చదువుకునేదాన్ని. రీఛార్జి కొట్టులో నంబర్లు ఒక పొడుగాటి పుస్తకంలో రాసేవాళ్ళు. నంబర్ రాసి పది రూపాయలో ఇరవై రూపాయలో ఇస్తే వాళ్ళే ఎక్కించేవారు. ఆ వారం నుంచి రాత్రుళ్ళు ఫోన్లు మొదలయ్యాయి. మా గదిలో నలుగురం ఉంటే నలుగురికీ వచ్చేవి, కానీ ఎవరికి వాళ్ళం తనొక్కదానికే అనుకుని నోరు మూసుకున్నాం. రెండు నెలల తర్వాత ఒకమ్మాయి ఏడుస్తూ బయటపెడితే తెలిసింది. 2017లో ఉత్తర ప్రదేశ్‌లో రీఛార్జి కొట్లలో అమ్మాయిల నంబర్లు 50 నుంచి 500 రూపాయలకి అమ్ముతున్నారని పేపర్లో వస్తే నాకు ఆ పొడుగాటి పుస్తకమే గుర్తొచ్చింది.

అందుకే చెప్తున్నాను, ఇంట్లో చెప్పు. మీ ఆయనకంటే ముందు మీ అత్తగారికి. ఆవిడ ఇరవై ఏళ్ళ ఖాతాదారు. ఆవిడ వెళ్ళి నిలబడితే ఆ యజమాని లేచి నిలబడాలి. ఫోన్ ఆవిడ చేతికిచ్చి మెసేజ్‌లు వరసగా చూపించు, నువ్వు ఏమీ వివరించక్కర్లేదు.

ఇంకోటి, ఈ రాత్రే వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి ప్రొఫైల్ ఫోటో "మై కాంటాక్ట్స్"కి మార్చు. మార్చకపోతే నీ నంబర్ ఉన్న ఎవరికైనా పాప ఫోటో కనిపిస్తుంది. లాస్ట్ సీన్ కూడా. అక్కడే కాల్స్ అనే చోట తెలియని నంబర్ల ఫోన్లు మోగకుండా చేసుకోవచ్చు.

---

జైపూర్ కుర్రాడు

బ్లాక్ కొట్టి వదిలెయ్యండి మేడమ్. బూతు మాట ఒక్కటీ లేదు కదా, విషెస్ చెప్పాడు అంతే. ఇంత దానికి పోలీసులు, యజమాని అంటే ఆ కుర్రాడి జీవితం పోతుంది. మీరే మొదట రిప్లై ఇచ్చారు కాబట్టి ఫ్రెండ్లీగా ఉన్నారనుకుని ఉంటాడు.

---

ఉద్దానం ఆడపడుచు

జైపూర్ తమ్ముడూ, బూతు లేదన్నది నిజమే. కానీ మా ఆయన ఊళ్ళో లేరని, నా ఇల్లు ఎక్కడుందో, నా పాప ఎలా ఉంటుందో తెలిసిన మనిషి రాత్రి పదకొండింటికి "ఒక్కరే బోర్ కొట్టదా" అంటే, ఆ మాట నాకు ఎలా వినబడుతుందో ఒక్కసారి ఆలోచించు. దారిలో పరిచయమై నంబర్ అడిగి ఉంటే ఇవ్వనని అక్కడే చెప్పేదాన్ని. అలా చెప్పే అవకాశం అతను నాకు ఇవ్వలేదు. చీరకి గుచ్చిన చీటీలోంచి తీసుకున్నాడు. జవాబిచ్చింది కొట్టుకి, ఆ అబ్బాయికి కాదు.

టీచరమ్మక్కా, డీపీ మార్చేశాను. అత్తగారికి ఇంకా చెప్పలేదు, రేపు చెప్తాను.

---

పర్లాకిమిడి బట్టల కొట్టు

మాది నాన్నగారి కాలం నుంచి బట్టల వ్యాపారం. మీ పోస్టు చదివి తల దించుకున్నాను, ఎందుకంటే మా కొట్టులోనూ పద్ధతి ఇదే, రెండేళ్ళ క్రితం దాకా.

కొట్టులో ఒక మనిషి నంబర్ ఎన్ని చోట్ల ఉంటుందో చెప్తాను. ఫాల్ చీటీ మీద ఉంటుంది. బిల్లు కంప్యూటర్‌లో ఉంటుంది. పండక్కి ఆఫర్లు పంపే లిస్టులో ఉంటుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, "చీర రెడీ" అని చెప్పడానికి పనివాళ్ళు సొంత ఫోన్ల నుంచే చేస్తారు. కొట్టుకంటూ ఒక ఫోన్ కొనకుండా వాళ్ళ ఫోన్‌తో, వాళ్ళ బ్యాలెన్స్‌తో పని జరిపించుకునేది మేమే. ఆ నంబర్ అతని ఫోన్‌లో అలా చేరిపోతుంది. ఇక కంప్యూటర్ పాస్‌వర్డ్ అంటారా, మా దగ్గర మానిటర్‌కి అతికించిన కాగితం మీద రాసి ఉండేది. ఎవరైనా తెరవొచ్చు. మీ పుట్టినరోజు అతనికి అలాగే దొరికి ఉంటుంది.

మా దగ్గర ఒకామె కౌంటర్‌లోకి వచ్చి, మా సేల్స్‌మన్ పంపిన మెసేజ్ నా ముందు పెట్టినప్పుడు నాకు తెలిసింది. ఆ రోజే ఒక చిన్న కీప్యాడ్ ఫోన్ కొన్నాను, అది గల్లా దగ్గరే ఉంటుంది. ఫాల్ చీటీ మీద ఇప్పుడు బిల్లు నంబర్ మాత్రమే రాస్తాం. పుట్టినరోజులు అడగడం మానేశాం. వ్యాపారం ఏమీ తగ్గలేదు.

మీరు యజమానితో తప్పకుండా మాట్లాడండి. సాయంత్రం రద్దీలో వద్దు, పొద్దున కొట్టు తెరిచి దీపం పెట్టిన కాసేపటికి వెళ్ళండి. అత్తగారిని తీసుకెళ్ళండి. ముందు పుట్టినరోజు మెసేజ్ చూపించి "ఇది మీ కంప్యూటర్‌లోంచి వచ్చింది, దాన్ని ఎవరెవరు తెరుస్తారు" అని అడగండి. "కుర్రాడు చిన్నవాడమ్మా, నేను మందలిస్తాను" అంటారు. నేనూ మొదట అదే అన్నాను. అక్కడ ఆగిపోకండి. కొట్టు రాసిచ్చిన కాగితం ఒకటి అడగండి, తేదీ, ముద్ర ఉండాలి. ఆ అబ్బాయి పని పోతుందా లేదా అన్నది యజమాని చూసుకుంటాడు, ఆ భారం మీరు ఎత్తుకోవద్దు.

---

కోర్టు మెట్లు

అమ్మా, నేను ఇక్కడి కోర్టులోనే ప్రాక్టీసు చేస్తాను. పైన చెప్పినవన్నీ మంచి సలహాలే. ఒక్క ముఖ్యమైన పని మిగిలిపోయింది. మీరు ఇప్పటిదాకా అతనికి "వద్దు" అని రాశారా? మీ పోస్టులో ఎక్కడా కనబడలేదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఇలాంటి వెంటపడడం గురించే. స్త్రీ తనకి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా, పరిచయం పెంచుకోవాలని పదే పదే సంప్రదించే మగవాడికి మొదటిసారి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. మళ్ళీ అదే నేరం రుజువైతే ఐదేళ్ళ దాకా. జవాబివ్వకుండా ఉండడం కూడా ఇష్టం లేదని చెప్పడమే అని నేను వాదిస్తాను. కానీ అవతలి వకీలు లేచి "వద్దని ఎక్కడ చెప్పింది" అంటాడు. ఆ సందు ఎందుకు వదలాలి? ఒక్క మెసేజ్ పెట్టండి, ఇలా:

"నా నంబర్ కొట్టు పని కోసం ఇచ్చాను. మీరు నాకు మెసేజ్‌లు పంపడం, ఫోన్ చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఇక చెయ్యొద్దు."

తిట్టు, బెదిరింపు ఏమీ వద్దు. అతనికి బాగా అర్థమయ్యే భాషలో పెట్టండి. అది చేరినట్టు టిక్కులతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోండి, నంబర్ కనబడాలి, తేదీ కనబడాలి. మొత్తం చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ నమ్మకస్తుల్లో ఒకరికి పంపి ఉంచండి. ఇదంతా అయ్యాకే బ్లాక్. వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు తొందరలో చాట్ చెరిపేసే పొరపాటు చాలామంది చేస్తారు. తర్వాత స్టేషన్‌లో చూపించడానికి ఏమీ ఉండదు.

ఒడియా రాయడం రాదని వెనక్కి తగ్గకండి. మీరు నోటితో చెప్తే వాళ్ళు రాసుకోవాలి, మీకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. పైగా ఈ సెక్షన్ కింద బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే కేసుల విధానం చెప్పే చట్టం, 173వ సెక్షన్‌లో ఉంది. స్టేషన్‌లో మహిళా శిశు డెస్క్ ఎక్కడని అడగండి. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా చెప్పొచ్చు కాబట్టి, పుట్టింటికి వెళ్ళినప్పుడు ఇచ్ఛాపురంలో తెలుగులోనే చెప్పినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి ఇక్కడికి పంపాలి. కానీ దానికి రోజులు పడతాయి, ఇక్కడే ఇవ్వడం మేలు. ఈలోపు వీధిలో కనబడినా, తలుపు కొట్టినా 112కి ఫోన్ చెయ్యండి. 181 మహిళల హెల్ప్‌లైన్.

ఒకటి ముందే చెప్పాలి. మొదటిసారి నేరానికి ఇది బెయిలబుల్. అతను ఆ రోజే బయటికి రావచ్చు. వచ్చాడని మీరు బెదిరిపోకూడదనే చెప్తున్నాను.

కొట్టు సంగతి వేరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కొనేవాళ్ళు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత వివరాలు ఇంకొకరికి వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్ నంబర్ ఇస్తేనే సరుకు ఇస్తామని పట్టుబట్టొద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపార సంఘాలకి చెప్పింది కూడా. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. కానీ వ్యాపారుల మీద పడే బాధ్యతలు చాలావరకు 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి, అందుకని ఇప్పుడే దాని మీద ఆధారపడకండి. కొట్టు మీద ఫిర్యాదుకి 1915.

---

ఉద్దానం ఆడపడుచు

అందరికీ దండాలు. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను.

ముందు మా అత్తగారికి చెప్పాను. ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మెసేజ్ చదివారు, సూరత్ మాట దగ్గర ఆగిపోయారు. "ఆ ముక్క నా నోటంటే కదే పోయింది" అన్నారు. తర్వాత "ఏటమ్మా, ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోసుకొచ్చావా, నన్ను లేపలేకపోయావా" అని నా వీపు మీద చెయ్యి వేశారు. నేను ఏ మాటకైతే భయపడ్డానో అది ఆవిడ నోట్లోంచి రానేలేదు.

లాయరు గారు చెప్పిన మెసేజ్ హిందీలో పెట్టాను. రెండు టిక్కులు నీలం అయ్యాయి. గంట తర్వాత "సారీ మేడమ్, మీరు తప్పుగా అనుకున్నారు" అని వచ్చింది. సరే అయిపోయింది అనుకున్నాను. మూడో రోజు రాత్రి వేరే నంబర్ నుంచి ఫోన్ చేశాడు. గొంతు విని పెట్టేశాను. టైముతో సహా అదీ స్క్రీన్‌షాట్ తీశాను.

మర్నాడు పొద్దున కొట్టుకి వెళ్ళాం. యజమాని అచ్చం పర్లాకిమిడి అన్నగారు చెప్పినట్టే "చిన్నవాడు" అని మొదలుపెట్టారు. మా అత్తగారు ఆయన్ని మాట్లాడనివ్వలేదు. పుట్టినరోజు మెసేజ్ చూపించగానే ఆయన ముఖం మారిపోయింది. కుర్రాడిని పిలిచి ఫోన్ తీసి గ్యాలరీ చూపించమన్నారు. అందులో చీటీల ఫోటోలు ఉన్నాయి. ఒకటి నాది, పసుపు చీటీ, ఆకుపచ్చ పట్టు మీద గుండుసూది మెరుస్తోంది, నా వీధి పేరు స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన ఇంకా పది, అన్నీ ఆడవాళ్ళ పేర్లే.

యజమాని వెంటనే "డిలీట్ చెయ్యరా అన్నీ" అన్నారు. నేను ఆపాను. "చెరిపేస్తే ఏమీ జరగనట్టే అవుతుంది, ఉండనివ్వండి" అన్నాను. అంత గట్టిగా ఎలా అన్నానో నాకే తెలియదు, నా చేతులు వణుకుతున్నాయి. కుర్రాడు తల ఎత్తలేదు. చూస్తే జాలేసింది, నిజమే. కానీ నా చీటీ పక్కన ఉన్న ఆ పది పేర్లూ చూశాక ఆ జాలితో ఇంటికి వెళ్ళిపోలేకపోయాను.

ఆ పదిమందికీ కొట్టు నుంచి ఫోన్ చేసి చెప్పమని మా అత్తగారు పట్టుబట్టారు. యజమాని మధ్యాహ్నం దాకా నసిగారు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, టీ ఇస్తే తాగలేదు. చివరికి ఆయనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ఇద్దరు ఎత్తలేదు. ముగ్గురికి మెసేజ్‌లు వెళ్ళాయని తేలింది. వాళ్ళలో ఒక అమ్మాయి కాలేజీలో చదువుతోంది, ఇంట్లో చెప్పలేక సిమ్ మార్చేద్దామనుకుంటోందట. ఇంకొకావిడ ఛత్రపురం నుంచి వచ్చి చీర కొనుక్కుపోయిన మనిషి. నేను ఫోన్ తీసుకుని ఆవిడతో మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. "మీకూనా అమ్మా" అని మాత్రం అన్నారు, ఒడియాలో.

యజమాని కాగితం రాసిచ్చారు, ముద్ర కూడా వేశారు. కుర్రాడిని పనిలోకి రావద్దన్నారు. మా ఆయనకి ఆ రాత్రి అత్తగారే ఫోన్ చేసి చెప్పారు. ఆయన రైలెక్కలేదు, రోజూ పదింటికి ఫోన్ చేసి తలుపు వేశారా అని అడుగుతున్నారు.

ఛత్రపురం ఆవిడ సోమవారం పొద్దున బస్సులో వస్తున్నారు. పదింటికి ఇద్దరం కలిసి స్టేషన్‌కి వెళ్తాం. ఒడియా ఆవిడ రాస్తానన్నారు. లాయరు గారూ, కొట్టు రాసిచ్చిన కాగితం అసలుదే ఇవ్వాలా, జిరాక్స్ ఇస్తే చాలా?

---

కోర్టు మెట్లు

జిరాక్స్ ఇవ్వండి, అసలుది చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఇద్దరూ విడివిడిగా ఫిర్యాదు ఇవ్వండి, ఒకే కాగితం మీద వద్దు. రెండో నంబర్ నుంచి వచ్చిన ఫోన్ సంగతి తప్పకుండా చెప్పండి, అది మీరు వద్దన్న తర్వాత జరిగింది. ఆ ఫోటోలు ఇంకా కుర్రాడి ఫోన్‌లోనే ఉన్నాయని కూడా రాయించండి.

---

గుణుపురం టీచరమ్మ

చెల్లీ, సిమ్ మార్చేద్దామనుకున్న ఆ కాలేజీ అమ్మాయి నంబర్ యజమాని దగ్గర తీసుకోకు. నీ నంబర్ ఆ అమ్మాయికి ఇవ్వమని చెప్పు. మాట్లాడాలనిపిస్తే తనే చేస్తుంది.

---

ఉద్దానం ఆడపడుచు

అలాగే అక్కా. పొద్దున కొట్టుకి ఫోన్ చేసి చెప్పాను.